పాత క్యారవాన్‌లో దాగిన రిబ్బులు: అయస్కాంతమా, స్టడ్ ఫైండరా, డ్రిల్లా?

రావులపాలెంలో మా పెరట్లో, కొబ్బరిచెట్ల కింద ఒక పాత మినీబస్సు ఉంది. ఎవరో ఎప్పుడో దాన్ని క్యారవాన్‌గా మార్చారు, ఇప్పుడు నేను బాగుచేస్తున్నాను. లోపల అర బిగించాలంటే స్క్రూ రిబ్బులోకే, అంటే బండి గోడని నిలబెట్టే నిలువు ఫ్రేము పట్టీలోకే దిగాలి. ఉత్త ప్లైవుడ్‌లో దిగితే నాలుగు గతుకులకే ఊడొస్తుంది. ఆ రిబ్బులేమో ప్లైవుడ్ వెనక దాక్కున్నాయి.

ముందు స్టడ్ ఫైండర్ కొన్నాను, గోడ వెనకున్న పట్టీల్ని పసిగట్టి కూసే పరికరం. ఇంట్లో జిప్సమ్ గోడకైతే సరే. బండిలో వెనకంతా రేకే, ఎక్కడ పెట్టినా కూస్తుంది. రెండు రోజులు టెన్షన్ పడి పక్కన పెట్టేశాను.

తట్టి చూడటం మా బాడీ మేస్త్రి పద్ధతి. డొల్ల చప్పుడు ఉన్నట్టుండి గట్టిపడితే అక్కడ రిబ్బు. ఆయన చెవికి దొరుకుతుంది, నాకు అంగుళం అటూ ఇటూ పోతుంది.

నాకు పనికొచ్చింది అయస్కాంతం. పాడైన హార్డ్ డిస్క్‌లోని ముక్కని దారానికి కట్టి, గోడ పక్కనే వేలాడదీసి మెల్లగా జరిపాను. ఒకచోట దారం గోడవైపు వంగింది, ముక్క టక్కున అతుక్కుంది. అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టాను. అలాంటి గుర్తులు నిలువునా వరసగా వస్తే రిబ్బు, ఒక్కటే ఉంటే మేకో స్క్రూనో. తర్వాత కిటికీ అంచు నుంచి టేపు పట్టి, బయటి రివెట్ల వరసతో సరిచూసుకున్నాను. లోపలా బయటా కనిపించే గుర్తు ఆ కిటికీయే కదా.

ఇది ఇనుప ఫ్రేముకే. 1973-78 నాటి జీఎంసీ మోటార్‌హోమ్‌లోనూ, ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లలోనూ రిబ్బులు అల్యూమినియంవి, అయస్కాంతానికి అంటవు. ఎయిర్‌స్ట్రీమ్‌లోనైతే రివెట్ల వరసే దిక్కు.

డ్రిల్ అన్నిటికన్నా ఖాయం, కానీ చివర్లోనే. తొందరపడి ముందే దింపి లైటు వైరు తెంపుకున్నాను. బయటి రేకుకి చిల్లు పడితే మన వానలకి ఇన్సులేషన్ అంతా నానుతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల బిట్టు, లోతు దాటకుండా దానికి టేపు చుట్ట.

డ్రిల్ చెప్పేది ఇంకొకటి ఉంది, అది అయస్కాంతం చెప్పలేదు. రిబ్బు బాగుంటే మెరిసే ఇనుప చుట్టలు రాలతాయి. ఈ బండి చాలాకాలం అంతర్వేది వైపు ఉప్పుగాలిలో ఉంది. వెనక చక్రం పైన డ్రిల్ పెడితే ఎర్రపొడి రాలింది. అక్కడ ప్లైవుడ్ విప్పేశాను. ముందు వెల్డింగ్, తర్వాతే అర.