ఇంట్లో చేసుకున్న సీడీ మీద పేరు: స్టిక్కరా, నేరుగా ముద్రణా, పెన్నా?

మా అమ్మమ్మ పాటలు రెండు క్యాసెట్లలో ఉండేవి. దంపుళ్ల పాట ఒకటి, పెళ్లి పాటలు కొన్ని, మంగళహారతులు చాలా. ఆమె సంవత్సరీకం నాటికి వాటిని సీడీల్లోకి ఎక్కించి ముప్పై ఇళ్లకు పంచాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బంధువులు కొందరు ఊళ్లోనే ఉన్నారు, కొందరు పాతపట్నంలో, కాశీబుగ్గలో, ఇంకొందరు గుణుపూరులో, బరంపురంలో ఉన్నారు. ఇంత మందికి ఇచ్చేవి అందంగా ఉండాలని ఆమె ఫోటోతో గుండ్రటి స్టిక్కర్లు ముద్రించి ఒక్కొక్క సీడీకి అంటించాను.

రెండు వానాకాలాలు గడిచాక కాశీబుగ్గ పిన్ని ఫోన్ చేసింది. ఐదో పాట మధ్యలో ఆగిపోతోందట. వెళ్లి చూస్తే స్టిక్కరు అంచు లేచి, మధ్యలో బుడగ కట్టింది. ఆ అంచు పట్టుకుని మెల్లగా లాగాను. కాగితంతో పాటు వెండి పొర కూడా ఊడి వచ్చింది. సీడీని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే గోరంత మేర అద్దంలా మారిపోయి, అవతలి కొబ్బరి చెట్టు కనబడింది. అమ్మమ్మ గొంతు కాగితానికి అంటుకుని నా చేతిలో ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే స్టిక్కరు జోలికి ఎవరూ వెళ్లరు. సీడీలో పాట ఏ వైపు ఉంటుందన్నది చాలామంది తలకిందులుగా అనుకుంటారు. మెరిసే అడుగు వైపు గీత పడకుండా ప్రాణంలా చూసుకుంటారు, పై వైపును పట్టించుకోరు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా అడుగున ఉండే పారదర్శక ప్లాస్టిక్కే. రాత పడే రంగు పొర, దాని మీద వెండి పొర, వాటిని కప్పే పలుచటి లక్క పూత, అన్నీ పై వైపునే ఉంటాయి. అడుగున పడ్డ చిన్న గీతను మెరుగు పెట్టి పోగొట్టవచ్చు. పైన లేచిపోయినది ఇక రాదు. స్టిక్కరు జిగురు అంటుకునేది సరిగ్గా ఆ లక్క పూతకే. మా వైపు వానాకాలంలో బీరువాలో బట్టలే చెమ్మగిల్లుతాయి. కాగితం ఆ చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది, కింద ఉన్న పొరను తనతో లాగుతుంది.

డీవీడీ సంగతి కొంచెం వేరు. దానిలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి ఉంటాయి, సమాచారం వాటి నడుమ ఉంటుంది. కాబట్టి స్టిక్కరు లాగినా పొర ఊడదు. అయితే డీవీడీలో సమాచారం రాసిన వరుసల మధ్య దూరం 0.74 మైక్రాన్లే, సీడీలో 1.6. కాగితం లాగుడుకు పలక కొద్దిగా వంగినా దాన్ని చదివే లేజరుకు వరుస దొరకదు. పైగా పాట వినిపించే మామూలు వేగానికి 52 రెట్లతో చదివే కంప్యూటరు డ్రైవులో సీడీ నిమిషానికి దాదాపు పది వేల చుట్లు తిరుగుతుంది. స్టిక్కరు ఒక పక్కకు జరిగి అంటుకుంటే ఆ వేగంలో డ్రైవంతా వణుకుతుంది. చీలికలోంచి డిస్కును లోపలికి లాక్కునే కారు ప్లేయర్లలో లేచిన అంచు ఇరుక్కుంటుంది కూడా. అమెరికా ప్రామాణిక సంస్థ నిస్ట్ 2003లో డిస్కుల సంరక్షణపై ఒక మార్గదర్శిని వెలువరించింది. చాలాకాలం దాచే డిస్కులకు అంటించే లేబుళ్లు వద్దని అందులో స్పష్టంగా ఉంది. నేను అది ముందే చదివి ఉండవలసింది.

రెండోసారి ముప్పై సీడీలూ మళ్లీ చేశాను. ఈసారి పైన తెల్లటి పూత ఉండే డిస్కులు కొన్నాను. వీటి మీద ఇంక్‌జెట్ ప్రింటరు నేరుగా ముద్రిస్తుంది. డిస్కును పెట్టే ట్రే ఉన్న ప్రింటరే కావాలి. ఎప్సన్ ఎల్ 805 లాంటి సిరా ట్యాంకుల ప్రింటర్లలో ఆ ట్రే ఉంటుంది. ఇంట్లో లేకపోతే పెళ్లి వీడియోలు చేసే స్టూడియోల్లో అడగండి. డిస్కులు కొనేటప్పుడు తెల్ల పూత ఎంతవరకు ఉందో చూడండి. కొన్నింటిలో మధ్యన పెద్ద వలయం ఖాళీగా ఉంటుంది, కొన్నింటిలో పూత రంధ్రానికి దగ్గరగా, 22, 23 మిల్లీమీటర్ల వ్యాసం దాకా వస్తుంది. ఫోటో వేయాలంటే రెండో రకమే బాగుంటుంది.

ముందు పాటలు ఎక్కించి, మొదటి నుంచి చివరి దాకా విని, ఆ తరువాతే ముద్రించండి. చెడిపోయిన డిస్కు మీద సిరా వృథా చేయడం ఎందుకు? ముద్రణ కుదురుగా పడుతోందో లేదో చూడటానికి ఆ చెడిపోయిన డిస్కే పనికొస్తుంది. ముద్రించాక ఒక రోజంతా విడివిడిగా ఆరనివ్వండి. వానాకాలంలో ఒకదాని మీద ఒకటి పేర్చితే అమ్మమ్మ బొట్టు పక్క డిస్కు అడుగుకు అంటుకుంటుంది. మామూలు సిరాకు తడి వేలు తగిలితే రంగు చెదురుతుంది, ఇదొక్కటే ఈ పద్ధతిలో నాకు కనబడిన లోపం.

హెచ్‌పీ 2004లో ప్రకటించిన లైట్‌స్క్రైబ్ పద్ధతి ఒకటి ఉండేది. డిస్కును బోర్లించి పెడితే అదే లేజరు పై వైపున బొమ్మ చెక్కేది. ఒకే రంగు, ప్రత్యేక డ్రైవు, ప్రత్యేక డిస్కు. వెలుతురుకు వెలిసిపోయేది కూడా. ఇప్పుడు దాని కోసం వెతకడం దండగ.

ఒకటి రెండు డిస్కులే అయితే ఇంత శ్రమ అక్కరలేదు, పెన్ను చాలు. బాల్‌పెన్ను మాత్రం వద్దు, దాని ముల్లు లక్క పూతను నొక్కేస్తుంది. మెత్తటి మొన గల, నీటి ఆధారిత సిరా ఉన్న మార్కరు తీసుకుని, రంధ్రం చుట్టూ ఉండే పారదర్శక వలయం మీద రాయండి. అక్కడ సమాచారం ఏమీ ఉండదు. పేరు, తేదీ పడితే సరిపోతుంది. మిగిలిన వివరాలన్నీ కవరులో పెట్టే 12 సెంటీమీటర్ల కాగితం మీదికి వెళ్లాలి. స్టిక్కరు మీద మోజు ఉంటే ఆ కవరుకు అంటించుకోండి, ఎవరికీ నష్టం లేదు.

మా ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పిల్లలు ఒడియా మీడియంలో చదువుతారు. తెలుగు మాట్లాడతారు, పాడతారు, చదవలేరు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి పంతులు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మేము ఇక్కడే ఉండిపోయినవాళ్లం. మాకు రెండు లిపులూ కావాలి. అందుకే లేబులు మీద పైన తెలుగులో, కింద ఒడియా అక్షరాల్లో, రెండు చోట్లా "అమ్మమ్మ పాటలు" అనే వేశాను. ఒడియాలో అమ్మమ్మను ఆయీ అంటారు గాని, మా పిల్లలెవరూ ఆమెను అలా పిలవలేదు.

విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంటులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఒకే ఫాంటు కాబట్టి రెండు వరుసలూ ఒకే ఇంటి పిల్లల్లా కుదురుతాయి. మా జిల్లా సవరల సొర సొంపెంగ్ లిపి కూడా అందులోనే ఉందని తెలిసి ఎంత సంతోషించానో! అంచు వెంబడి అక్షరాలను గుండ్రంగా తిప్పాలని మాత్రం ఆశపడకండి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి తిప్పుతాయి. "అమ్మమ్మ"లోని రెండు మ వత్తులూ చోటు తప్పి పక్కకు వచ్చాయి. పేరును అడ్డంగా, వరుసల మధ్య వత్తులకు చోటు వదిలి వేస్తేనే నిండుగా ఉంది.

కొత్త సీడీ పట్టుకుని కాశీబుగ్గ వెళ్లాను. పిన్ని పై వరుస చదివింది. బరంపురం నుంచి వచ్చి ఉన్న ఆమె మనవరాలు కింది వరుస మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ అదే పేరు చదివింది.