డస్టర్ అమ్మి పాతకాలపు కారు కొంటే: అంబాసిడరా, పద్మినియా, మారుతి 800ఆ?

ఇంటి ముందు పుష్కరం దాటిన డస్టర్ డీజిల్ ఉంది. దాన్ని అమ్మి, ఆ డబ్బుతో అంబాసిడరో ప్రీమియర్ పద్మినియో తెచ్చుకోవాలని మనసు లాగుతోంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కారే అయితే ఈ బేరం పెట్టుకోకండి. రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాలన్నా, మే నెల మధ్యాహ్నం పెళ్లికి గుంటూరు పోవాలన్నా అరవై ఏళ్లు దాటిన డిజైను మీద ఆధారపడలేం. రోజువారీ తిరుగుడుకి వేరే బండి ఉండి, ఇది ఆదివారాలకైతే మాత్రం ఆలోచించదగ్గదే.

ముందు డస్టర్ సంగతి. మామూలుగా కొనేవాళ్లు కిలోమీటర్లు అడుగుతారు. తెలిసినవాళ్లు టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు, వాల్వుల కదలికను లయ తప్పకుండా కలిపి తిప్పే బెల్టు) బిల్లు అడుగుతారు. ఈ 1.5 లీటర్ల డీజిల్ ఇంజనుకు చైన్ ఉండదు, బెల్టే. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, హెడ్డు దించాల్సిందే. వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మూడూ ఒకేసారి మార్చాలి. బెల్టు కలిపే రెండు షాఫ్టులను, క్యామ్‌నీ క్రాంక్‌నీ, పిన్నులతో లాక్ చేసి వేయాల్సిన పని ఇది. పెయింటు గుర్తులు పెట్టుకుని కానిచ్చేసే షెడ్డుకి ఇవ్వకండి. బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, అమ్మే ముందు మార్చి బిల్లు చేతిలో పెట్టుకోవడమే లాభం. కొనేవాళ్లు భయంతో తగ్గించే మొత్తం ఆ ఖర్చుకన్నా ఎక్కువే ఉంటుంది.

క్లచ్చి బరువెక్కితే మాత్రం చేయించకండి, ఉన్న మాట చెప్పి ధర తగ్గించండి. పెడల్ తొక్కితే క్లచ్చిని విడదీసే దాని స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు లోపల ఉంటుంది, గేర్‌బాక్సు దించితేగానీ అందదు. ఆ ఖర్చు మీకు తిరిగి రాదు. టర్బో నుంచి ఇంజనుకు గాలి మోసే రబ్బరు గొట్టం చీలితే పికప్ పడిపోయి నల్లపొగ వస్తుంది. చాలామంది దాన్ని టర్బో పోయిందనుకుని బేరమాడతారు. గొట్టం మీద నూనె తడి ఉందేమో ముందే చూసి మార్చేస్తే ఆ వాదన ఉండదు. లోగాన్, వెరిటో, టెర్రానో, సన్నీ డీజిల్ బండ్లలోనూ ఇదే కుటుంబం ఇంజను కాబట్టి ఫిల్టర్లు, బెల్టు కిట్లకు విజయవాడ ఆటోనగర్‌లో వెతుకులాట తక్కువ. ఇంజెక్టర్లు మాత్రం పార్ట్ నంబరు చూడకుండా కొనకూడదు.

విజయవాడ బండికి ఇంకో ప్రశ్న తప్పదు: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందా? సింగ్‌నగర్ వైపు అడ్రసు ఆర్సీలో కనిపిస్తే కొనేవాళ్లు ముందే అనుమానపడతారు. మునగని బండైతే నిరూపించడం తేలిక. సీటు బెల్టు చివరిదాకా లాగి చూపించండి, లోపలి భాగంలో బురద చార ఉండదు. సీటు పట్టాల బోల్టులు, కార్పెట్ కింద నేల, ఫ్యూజ్ బాక్సు చూపించండి. మునిగిన బండైతే దాచకండి. వైరింగ్ కనెక్టర్లలో పట్టిన పచ్చటి చిలుము ఆర్నెల్లకైనా బయటపడుతుంది, గొడవ మీ ఇంటికే వస్తుంది.

డీజిల్‌కు పదేళ్లే అన్న నిబంధన ఢిల్లీ పరిసరాలది. మన దగ్గర పదిహేనేళ్లకు ఆర్సీ రెన్యువల్ చేయించుకుని నడుపుకోవచ్చు. కానీ 2012లో రిజిస్టరయిన డస్టర్‌కు ఆ గడువు 2027లో ముగుస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ రేటు జారుతుంది కాబట్టి అమ్మదలిస్తే ఆలస్యం చేయకండి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 రెండూ సంతకం చేసి, అమ్మిన 14 రోజుల్లోపు మీ వైపు నుంచి సమాచారం ఇచ్చేయాలి. లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే దాన్ని తీయించే ఫారం 35 కావాలి. బ్రోకర్ ఖాళీ ఫారాల మీద సంతకాలు అడిగితే ఇవ్వకండి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఇక కొనే బండి. అంబాసిడర్, పద్మిని ప్రియుల మధ్య ఇంజన్ల గురించి తెగని వాదన నడుస్తుంటుంది. మా లెక్కలో ఇంజను మూడో విషయం. కాగితాలు మొదటిది, బాడీ రేకు రెండోది. ఇంజను బోరు చెడితే లేత్ షాపులో సరిచేయిస్తారు. ఆర్సీ లేని బండిని ఎవరూ సరిచేయలేరు.

కాగితాల్లో చూడాల్సినవి ఇవి. చాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఆర్సీతో అక్షరం అక్షరం కలవాలి. పెట్రోలు అంబాసిడర్లలో చాలావాటికి తర్వాత డీజిల్ ఇంజన్లు ఎక్కించారు, అది ఆర్సీలో ఎక్కకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర బండి ఆగిపోతుంది. గ్యాస్ కిట్టు తీసేసినా ఆర్సీలో ఇంకా ఉంటే అదే తంటా. పసుపు నంబరు ప్లేటు బండైతే ట్రాన్స్‌పోర్టు నుంచి సొంత వాడకానికి మార్చాక తీసుకోండి. తెల్లటి అంబాసిడర్ ‘గవర్నమెంటు బండి’ అని చౌకగా చెబితే మరింత జాగ్రత్త. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. అది ఇంకా శాఖ పేరుతోనే ఉంటే మీరు కొంటున్నది తుక్కే.

రెన్యువల్ ఐదేళ్లకోసారి. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి ఫీజు 10,000 రూపాయలు, పదిహేను నుంచి ఇరవై మధ్యయితే 5,000. గడువు దాటాక ఆలస్యానికి నెలకు 500 చొప్పున కలుస్తుంది. అంటే నాలుగేళ్లు మూలన పడున్న బండికి ఆలస్యపు రుసుమే 24,000. బేరంలో ఈ లెక్క ముందే తీసేయండి. గ్రీన్ టాక్స్ అదనం. తెలంగాణ బండైతే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ టాక్స్ కూడా.

‘వింటేజ్ నంబరు తెచ్చుకుంటే పోలా’ అనేవాళ్లున్నారు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే అది ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప మామూలుగా తిరగకూడదు. మంగళగిరి దాకా సరదాగా వెళ్లొద్దామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

రేకు విషయానికొద్దాం. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి. తలుపుల కింది పట్టీ, చక్రాల పైనుండే వంపు రేకు, ముందు అద్దం కింది మూలల మీద జరపండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ రేకు పోయి పుట్టీ మిగిలిందని అర్థం. తర్వాత బండి కిందికి దూరి, వెనక కమాను పట్టీలు బాడీకి తగులుకునే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. దిగిందంటే వెనక్కి వచ్చేయండి. అంబాసిడర్‌లో ముందు సీట్ల కింది నేల, ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల పని చేసే టోర్షన్ బార్లు వెనకవైపు బిగించిన అడ్డ దూలం కూడా చూడాలి. పద్మిని రేకు పల్చన, తుప్పు తొందరగా తింటుంది. బందరు, బాపట్ల గాలి పీల్చిన బండయితే మరీను. టింకరింగ్‌లో మన ఆటోనగర్ చేతులు గట్టివే. 1966 నుంచి లారీలకు బాడీలు కట్టిన ఊరు ఇది. కానీ ఆ పని రోజుకూలీ లెక్కలో నడుస్తుంది, నెలలు పడుతుంది.

ఇంజను దగ్గర ఈ రెండింటికీ అసలు తేడా ఎండలో తెలుస్తుంది. పద్మినిది 1,089 సీసీ, హెడ్డు అల్యూమినియంది. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను 1,489 సీసీ, బ్లాకుతోపాటు హెడ్డు కూడా పోత ఇనుముది. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఆగితే రెండూ వేడెక్కుతాయి. ఫ్యాను ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి ఆగి ఉన్నప్పుడు గాలి తక్కువ. అంబాసిడర్ మరిగితే నీళ్లు పోసి బయల్దేరవచ్చు. పద్మిని బాగా మరిగితే హెడ్డు వంగి గ్యాస్కెట్ పోతుంది. అందుకని పద్మిని కొన్న వెంటనే రేడియేటర్ దించి కోర్ శుభ్రం చేయించండి, ప్రెషర్ క్యాప్ కొత్తది వేయండి. ‘థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసేద్దాం సార్’ అంటే ఒప్పుకోవద్దు, అప్పుడు చలికాలం ఇంజను ఎప్పటికీ వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బోరు అరుగుతుంది. కరెంటు ఫ్యాను పెట్టుకోవచ్చు. కరెంటు పుట్టించడానికి డైనమో ఉన్న పాత బండ్లలో ముందు దాని బదులు ఆల్టర్నేటర్ వేయాలి, డైనమో ఆ లోడు మోయలేదు.

ఎండలో బండి ఆగి మళ్లీ స్టార్టు కాకపోతే ప్రతిసారీ కాయిల్‌ను తిట్టకండి. పెట్రోలు పంపు ఇంజనుకే అతుక్కుని ఉంటుంది, పైపులో పెట్రోలు ఆవిరై గాలి పట్టేస్తుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే కదులుతుంది. శాశ్వతంగా పోవాలంటే కార్బురేటర్ కింద వేడి పాకనివ్వని బేకలైట్ స్పేసర్ వేయించి, పైపును సైలెన్సర్ మ్యానిఫోల్డుకు దూరంగా జరపాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం మెత్తబడి కారతాయి. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయండి. బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి, తేమ లాగి లోపల తుప్పు పడుతుంది.

2000 ఫిబ్రవరిలో సీసం పెట్రోలు దేశమంతా ఆగిపోయింది. వాల్వు సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే. అంతకుముందటి ఇనుప హెడ్డు అంబాసిడర్‌లో గట్టి వాల్వు సీట్లు వేయించారో లేదో అడగండి. వేయకపోతే ట్యాపెట్ గ్యాపు (వాల్వు పైన ఉండాల్సిన సన్నని ఖాళీ) మాటిమాటికీ తగ్గిపోతుంటుంది. ఇది పెద్ద లోపం కాదు, హెడ్డు పని చేయించేటప్పుడు కలిపేసుకోవచ్చు.

ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసు పిన్నులైన కింగ్‌పిన్‌ల పరీక్ష రెండు బండ్లకూ ఒకటే. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఊగితే ఇంకొకర్ని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగిపోతే బేరింగుది, ఆగకపోతే కింగ్‌పిన్‌ది. గ్రీజు నిపిళ్లకు 1,500 కిలోమీటర్లకోసారి గన్ను పెట్టని బండ్లలోనే ఇది తరచు వస్తుంది. డస్టర్ నుంచి దిగినవాళ్లకు బ్రేకులు అన్నిటికన్నా పెద్ద షాకు. ఈ పాత బండ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, బూస్టరు లేని బండ్లలో కాలి బలంతో తొక్కాలి. హైవే మీద లారీ వెనకాల డస్టర్‌తో వదిలినంత దూరం చాలదు.

మారుతి 800 సంగతి క్లుప్తంగా. 1983లో వచ్చిన మొదటి మోడల్ బాగా దొరికితే వదలకండి. 1986 తర్వాతిది అందం కోసం కాదు గానీ తిప్పుకోవడానికి ఈ మూడింట్లో సుఖమైనది. 796 సీసీ, ముందు డిస్కు బ్రేకులు, ఏసీ పెట్టుకోవచ్చు, పార్టులు వీధి చివరే దొరుకుతాయి. దీన్ని చూసి జనం తలలు తిప్పరు, అంతే.

మా ఓటు 1992 తర్వాతి అంబాసిడర్ 1800కు, అదీ ఐదు గేర్ల ఇసుజు పెట్రోలు ఇంజనుతో, ఆర్సీ బతికున్నదైతేనే. పాత ఇంజను బండ్లకన్నా శక్తి ఎక్కువ, 16వ నంబరు హైవే మీద లారీలకు అడ్డం కాదు. చూడ్డానికి మాత్రం పద్మినే ముద్దు, స్టీరింగ్ గేరు నడిపే సరదా వేరు. రేకు శుభ్రంగా ఉన్న పద్మిని, పుట్టీ నిండిన అంబాసిడర్ ఎదురుపడితే పద్మినినే తీసుకోండి.

డస్టర్ అమ్మేటప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఉత్తరం తీసుకోవడం మరవద్దు. అది బండిది కాదు, మీది. పాత బండికి ఎక్కువగా థర్డ్ పార్టీ పాలసీయే ఇస్తారు కాబట్టి అక్కడ ఆ తగ్గింపు పనికిరాదు. మూడేళ్లలోపు కొనే మరో కారుకు వాడుకోవచ్చు.