తలుపు వెనక సంచి: ఆరేళ్ల వాడకం తర్వాత

ఉన్నపళంగా ఇల్లు వదలాల్సి వస్తే చేతికి అందాలని, ఆరేళ్ల కిందట 30 లీటర్ల బ్యాక్‌ప్యాక్ ఒకటి సర్ది తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. ఇప్పటికి మూడుసార్లు అది భుజాన వేసుకుని బయటపడ్డాం.

మొదటిసారి వీధిలోకి నీళ్లొచ్చాయి. మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు ఉంచుకోవాలని ఎక్కడో చదివి, 12 లీటర్లూ సంచిలోనే కుక్కాను. అంటే నీళ్లే 12 కిలోలు. మోకాల్లోతు నీటిలో పాపను ఎత్తుకుని ఆ బరువుతో నడవలేక సగం సీసాలు దారిలోనే వదిలేశాను. ఆ లెక్క ఇంట్లోనే ఉండిపోవాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది. సంచిలో ఇప్పుడు ఒక్క లీటరే ఉంటుంది.

రెండోసారి అర్ధరాత్రి కింద మీటర్ల బోర్డు కాలింది. కరెంటు పోయింది, మెట్ల మీద కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. టార్చి వెలగలేదు. తర్వాత విప్పి చూస్తే బ్యాటరీలు కారి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. తలకు కట్టుకునే లైటు మాత్రం ఆదుకుంది. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చేత్తో అమ్మ చెయ్యి. చేత్తో పట్టుకునే టార్చితో ఇది కుదిరేది కాదు. అప్పటినుంచి బ్యాటరీలు బయటికి తీసి, లైటు పక్కనే చిన్న కవర్లో పెడుతున్నాను.

మూడోసారి నాన్నకు ఛాతీలో నొప్పి. ఆస్పత్రిలో అడిగినవన్నీ ఒక్క ప్లాస్టిక్ కవర్లో దొరికాయి: రోజూ వేసుకునే మందుల పేర్లు, మోతాదు, ఏ మందు పడదో, పాత రిపోర్టుల జిరాక్సులు, కాగితం మీద రాసిన ఫోన్ నంబర్లు. ఆ టెన్షన్‌లో నోటికి ఒక్క మందు పేరూ రాలేదు. పవర్ బ్యాంకు మాత్రం పనికిరాలేదు, ఏడాదిగా ఛార్జింగ్ పెట్టలేదు మరి. వాడకపోయినా ఛార్జి మెల్లగా దిగిపోతుంది. ఇప్పుడు మూడు నెలలకోసారి ఫోన్లో అలారం మోగుతుంది. ఆ రోజు పవర్ బ్యాంకు నింపుతాను. సంచిలోని మాత్రలు ఇంట్లో రోజూ వాడే డబ్బాలో వేసి, కొత్త స్ట్రిప్పులు సంచిలో పెడతాను.

సంచి విషయానికొస్తే, జిప్పులు, కుట్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. లోపలి వాటర్‌ప్రూఫ్ పూత మాత్రం ఐదో ఏట జిగటగా మారి, పొట్టు పొట్టుగా రాలడం మొదలైంది. తేమకు ఇలాంటి పూతలు పాడవుతాయి. అందుకే ఇప్పుడు అన్నీ విడివిడిగా జిప్ కవర్లలో పెట్టాను. విజిల్, మాస్కులు, అదనపు కళ్లజోడు పై అరలోనే ఉంటాయి. కళ్లజోడు లేకపోతే నేను ఆ మెట్లే దిగలేను.

నిన్న మళ్లీ తెరిచాను. పాప బట్టలు నాలుగేళ్ల వయసువి, ఇప్పుడు తనకు పదేళ్లు. కొత్త జత తనే మడతపెట్టి ఇచ్చింది.