అడ్డంగా పరిచిన కోటా, నిలువుగా దించిన కోటా: డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో ఏది మేలు?

మరుగుజ్జుల చేత కొండలో కోట తవ్వించే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ 2006లో తొలిసారి అందరి చేతికీ వచ్చినప్పుడు ఆ లోకానికి అంతస్తులు లేవు. కొండ అంచున దిగిన ఏడుగురు మరుగుజ్జులు ఒకే తలంలో కొండ లోపలికి తవ్వుకుంటూ పోతే ముందు నది, తరువాత అగాధం, ఆపైన మాగ్మా, అంటే కరిగిన రాయి, ఎదురయ్యేవి. 2007లో ఎత్తూ లోతూ చేరాయి. అయినా కోటను ఒకే అంతస్తులో అడ్డంగా పరుచుకుంటూ పోయే అలవాటు నేటికీ చాలామంది ఆటగాళ్లలో కనిపిస్తుంది. అలా కట్టడం మేలా, లేక నడిమధ్య మెట్లు పెట్టి అంతస్తుల వారీగా కిందికి దించుకుంటూ పోవడం మేలా అన్న ప్రశ్న కోట మొదటి ఏడాదిలోనే తేల్చుకోవలసినది, ఎందుకంటే ఒకసారి తవ్విన రాతిని మళ్లీ పూడ్చి వేరే రూపం ఇవ్వడానికి పట్టే శ్రమ తక్కువేమీ కాదు.

నా తూకం నిలువు కోట వైపే మొగ్గుతుంది. ఈ ఆటలో ఒక అంతస్తు దిగడానికి పట్టే సమయమూ, పక్క గడిలోకి అడుగు వేయడానికి పట్టే సమయమూ దాదాపు ఒకటే. మెట్లెక్కితే వచ్చే ఆయాసం అంటూ ఇక్కడ ఏదీ లేదు. వంద పడకగదులు కావాలనుకుందాం. ఒక్కో గదికి గోడతో కలిపి నాలుగు గడుల వెడల్పు పోతే, నడవాకు రెండు వైపులా గదులు పెట్టినా అడ్డంగా కట్టిన కోటలో ఆ నడవా రెండు వందల గడుల పొడవు సాగుతుంది, మధ్యలో నిలబడినవాడు చివరి గదికి వంద అడుగులు వేయాలి. అవే గదులను అంతస్తుకు ఇరవై చొప్పున అయిదు అంతస్తుల్లో సర్దితే ఎంత దూరపు గది అయినా మెట్ల దగ్గర నుంచి ఇరవై గడులు, దిగడానికి మరో అయిదు అడుగులు. ప్రతి మరుగుజ్జు తిండికీ, నిద్రకూ, సారాకూ పదేపదే ఈ దారిన నడుస్తాడు గనుక, అలా మిగిలిన ప్రతి అడుగూ పనికి దక్కిన సమయమే.

అయితే ఈ లాభం దక్కాలంటే మెట్ల వెడల్పు మీద శ్రద్ధ పెట్టాలి. ఒకే గడి వెడల్పున్న దారిలో ఇద్దరు ఎదురైతే ఒకరు నేలమీద పాకితే తప్ప రెండోవాడు దాటలేడు, ఆ పాకుడుతో ఇద్దరి పనీ కుంటుపడుతుంది. జనాభా వంద దాటే కోటకు మూడు గడుల వెడల్పు, మూడు గడుల పొడవు ఉన్న మెట్ల మడి మొదటి రోజునే గీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

నిలువు కోటలో చాలామందికి ఆలస్యంగా తెలిసే చిక్కు మరొకటి ఉంది. వర్క్‌షాప్‌లో పని మొదలైనప్పుడు ముడిసరుకును ఎంచుకునేది నడక దూరాన్ని బట్టి కాదు, గాలిలో తిన్నగా కొలిచిన దూరాన్ని బట్టి. సరిగ్గా నెత్తి మీది అంతస్తులో ఉన్న రాయి దగ్గరిదిగా లెక్కకు వస్తుంది గాని, దాన్ని అందుకోవాలంటే మెట్ల దాకా నడిచి, పైకెక్కి, మళ్లీ అంత దూరమూ వెనక్కి నడవాలి. కమ్మరి కొలిమి దగ్గరే ఖనిజం ఉండగా దూరపు ముక్క కోసం ఎందుకు వెళ్లాడో తెలియక నేను చాలాకాలం తికమకపడ్డాను. ఒక్కో వర్క్‌షాప్‌కూ దాని పక్కనే చిన్న నిల్వ పెట్టి, ఆ రెంటినీ లంకె వేస్తే ఈ తిరుగుడు ఆగిపోతుంది. అడ్డపు కోటలో ఈ సమస్య లేదని కాదు, నెత్తిమీదా కాళ్లకిందా వేరే నిల్వలు ఉండవు గనుక అంతగా బయటపడదు.

నీటి విషయంలో మాత్రం అడ్డపు కోటదే పైచేయి అని ఒప్పుకోవాలి. ఆటలో ప్రతి గడిలోని నీటినీ ఏడు వంతులుగా కొలుస్తారు, పలచబడి ఒక్క వంతుకు చేరిన నీరు క్రమంగా ఆవిరైపోతుంది. కాలువ తెగినా, ఊటనీటి పొర పొరపాటున తగిలినా, వచ్చిన నీరు మరీ ఎక్కువ కాకపోతే విశాలమైన ఒకే అంతస్తులో పరుచుకుని చాలావరకు ఆరిపోతుంది. నిలువు కోటలో అదే నీరు మెట్ల గుండా దూకి అట్టడుగు అంతస్తును నింపుతుంది, అక్కడ ఉన్నవారు పైకి వచ్చే దారి కూడా ఆ మెట్లే. నా కోట ఒకటి ఇలాగే పోయింది, అడుగున పడుకున్నవారిలో ఒక్కరూ బయటపడలేదు, అది తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అప్పటినుంచి నీళ్ల పని మొదలుపెట్టే ముందే మెట్లకు నేల తలుపులు బిగించి, వాటిని మీటకు కలిపి, ఆ మీటను పై అంతస్తులో పెడుతున్నాను.

వ్యవసాయానికి వచ్చేసరికి ప్రశ్న తానే తేలిపోతుంది. తవ్విన మట్టి పొరలో పుట్టగొడుగులు నేరుగా పండుతాయి, రాతి నేలను నీటితో తడిపి బురద పట్టిస్తే తప్ప అక్కడ విత్తనం పడదు. మట్టి ఉండేది పై అంతస్తుల్లోనే కాబట్టి పొలాలు పైనే, అడ్డంగానే ఉండాలి. పడకగదులను అక్కడ పెట్టడం మాత్రం మంచిది కాదు, మట్టి గోడలను నునుపు చేయడానికీ, వాటిపై శిల్పాలు చెక్కడానికీ వీలుండదు.

లోతుకు పోయేకొద్దీ గుహలు తగులుతాయి, వాటి నుంచి వచ్చే మృగాలు అడ్డపు కోట కట్టేవారికి చాలాకాలం తెలియనే తెలియవు. మెట్లను ఒక్కసారిగా యాభై అంతస్తుల దాకా గీయకుండా కొన్ని కొన్నిగా దింపుతూ, గుహ తెరుచుకున్న చోట వెంటనే గోడ కట్టగలిగితే ఆ భయం అదుపులో ఉంటుంది. అంత లోతుకు పోయినందుకు దక్కేది మాగ్మా, దానితో నడిచే కొలిమికి బొగ్గు అక్కరలేదు.

వర్తకుల డిపోను మాత్రం కిందికి దించవద్దు. బండ్లకు మూడు గడుల వెడల్పున్న దారి కావాలి, అవి వాలు దారిన దిగగలవు గాని మెట్లు దిగలేవు. డిపోను పైనే ఉంచి, దాని బయట డ్రాబ్రిడ్జి, అంటే పైకెత్తి దారి మూసే వంతెన, పెడితే ముట్టడి వచ్చిన రోజున ఒక్క మీటతో కోట అంతా మూసుకుంటుంది.