ఫోన్‌లో మ్యూజియమా, సాలిహుండం కొండెక్కడమా?

మా మేనల్లుడు బొమ్మలు బాగా వేస్తాడు, వాడికి పెద్ద మ్యూజియం చూపించాలంటే శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ సాలార్‌జంగ్‌కి రాత్రంతా రైలు ప్రయాణం, అందుకే ముందు ఫోన్‌లో మొదలెట్టాం. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వాళ్ళు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' పెయింటింగ్‌ని 8,439 ఫోటోలు తీసి కలిపి 717 గిగాపిక్సెల్ (అంటే 71,700 కోట్ల చుక్కల) బొమ్మగా ఫ్రీగా నెట్‌లో పెట్టేశారు, జూమ్ చేస్తూ పోతే రంగు పగుళ్ళు కూడా కనిపిస్తాయి, అక్కడికెళ్ళినా అంత దగ్గరికి రానివ్వరు కదా. మావాడైతే ఒక్క ముఖం దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు!

అదే శ్రీకాకుళం దగ్గరి బౌద్ధ క్షేత్రం సాలిహుండం వెళ్ళినప్పుడు వేరే సంగతి. కొండ మీద స్తూపాలు, కింద వంశధార, మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల శిల్పాలు. శిల్పాన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నడుస్తూ చూస్తే వెలుతురు మారి ముఖమే మారినట్టుంటుంది, ఫోన్‌లో అది రాదు.

నా మటుకు పెయింటింగ్‌కి ఫోన్, శిల్పానికి ప్రయాణం. ఈ శిల్పాల్ని కూడా త్రీడీ స్కాన్ చేసి, తెలుగులో వాటి కథ చెప్తూ పెడితే ఇచ్ఛాపురం పిల్లలూ పాలకొండ పిల్లలూ ముందు ఇంట్లో చూసుకుని, తర్వాత బస్సెక్కి వస్తారు.