పద్మినితో అరకు: గేటు బయట ఒక రాత్రి, రైతు ఇంట్లో ఒక రాత్రి

అరకు రిసార్టులో ఇచ్చిన రసీదు పారెయ్యకుండా దాచాను. గది అద్దె 4,800, పన్ను వేరు, దాని కింద ఇంకో పద్దు: "ప్రకృతి పరిరక్షణ రుసుము 250". రెండు గదులకి రెండుసార్లు వేశారు. అది చేతికిచ్చిన కుర్రాడే మా రెండు బళ్లనీ గేటు బయట, రోడ్డు వార పెట్టుకోమన్నాడు. పాత బళ్లు పొగ వదుల్తాయట, లోపల పెడితే మిగతా గెస్టుల ఫొటోలు పాడవుతాయట. నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లుగా ఆ కారు తుడుచుకుంటున్న మనిషి. ఏమీ అనకుండా వెళ్లి, రోడ్డు వారన బండికి కవరు కప్పి వచ్చారు. ఇది రాయడానికి సగం కారణం ఆ కవరే.

మాది 1986 ప్రీమియర్ పద్మిని కారు, తెలుపు. మా బావది 1984 అంబాసిడర్, మార్క్ 4. రెండింటికీ గేర్ స్టీరింగ్ పక్కనే, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. డిసెంబరు మొదటివారం, వలిసె పూలు ఇంకా ఉంటాయని బయల్దేరాం. మా బండిలో నాన్నగారు, మా ఆవిడ, అమ్మాయి, నేను. రెండో దాంట్లో అక్కా బావా. పద్మినికి వెనక ఎడమ తలుపు అద్దం తిప్పే పిడి విరిగి మూడేళ్లయింది, ఎక్కడా దొరకలేదు. ఆ పక్కన కూర్చున్న అమ్మాయి దారి పొడుగునా కటింగ్ ప్లయరుతోనే అద్దం దింపింది, ఎత్తింది.

విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఎస్.కోటలో ఆరుగురికీ టిఫిను, టీలు కలిపి 310.

ఘాట్‌లో మా ముందు ఇసుక లారీ ఒకటి వెళ్తోంది. దాన్ని దాటే చోటు లేక సెకండ్ గేరులో అలా పాక్కుంటూ ఎక్కాం. అనంతగిరి దాటి గాలికొండ వైపు ఎక్కుతుంటే పద్మిని రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వేపర్ లాక్. ఈ బళ్లలో పెట్రోలు పంపు ఇంజను ఒంటికే బిగించి ఉంటుంది. బండి నెమ్మదిగా ఎక్కేటప్పుడు గాలి తగలదు, ఇంజను వేడి పంపుకి పాకుతుంది, గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు కొట్టుకుంటూనే ఉంటుంది, పెట్రోల్లో గాలి కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్‌కి చుక్క అందదు. చెయ్యాల్సింది ఒక్కటే, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, ఆగడం. మా దగ్గర గుడ్డ ఉంది గానీ, నీళ్లు తాగడానికి తెచ్చుకున్నవే.

రోడ్డు పక్కన బరకం మీద కాఫీ పళ్లు ఎండబెడుతున్న ఒకావిడ చూసి లేచి వచ్చింది. "ఏటి బాబూ, బండి ఆగిపోనాదా?" అని, మా జవాబు వినకుండానే బిందెడు నీళ్లు, తడిపిన గోనెసంచి తెచ్చింది. గోనె పంపు మీద వేస్తే ఆవిర్లు లేచాయి. బావకి మాత్రం చిరాకు మొదలైంది. అంబాసిడర్ ఆగలేదు కదా, అందుకని. అక్క ఆయన్ని నీడలో కూర్చోబెట్టింది.

యాభై నిమిషాలు పట్టింది. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తున్న యాభై నిమిషాలు అవే. ఆ మలుపు నేను కొత్త కారులో పదిసార్లైనా దాటి ఉంటాను, ఏసీ వేసుకుని. అక్కడ సిల్వర్ ఓక్ చెట్లున్నాయని తెలుసు. వాటి మొదళ్ల నుంచి కొమ్మల దాకా మిరియం తీగ అల్లుకుని ఉందనీ, ఆ నీడ లేకపోతే కింద కాఫీ బతకదనీ ఆవిడ చెబితేనే చూశాను. ఎర్రగా పండిన కాయే కొయ్యాలట. పచ్చిది కలిస్తే రేటు పడిపోతుంది. అందుకని ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు వెళ్లాలి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాం. దాని వెనక ఇన్ని ఎక్కి దిగడాలున్నాయని ఆవిడ మోకాళ్ల కట్లు చూసేదాకా మాకు తట్టలేదు. నాన్నగారు బరకం పక్కన కూర్చుని ఆవిడతో పాటు పచ్చికాయలు ఏరిపెట్టారు. డబ్బులిస్తే ఆవిడ తీసుకోలేదు.

బండి స్టార్టయినప్పుడు వెనక నుంచి నల్లటి పొగ ఒక ముద్ద వచ్చింది. చోక్ లాగి ఉంది కదా, పెట్రోలు ఎక్కువ పోతుంది. అది నేరుగా ఆ బరకం మీదికి పోయింది. అమ్మాయి అంది: "నాన్నా, ఆ కాఫీ మీదే పడింది కదా."

దీనికి నేను సర్దుబాటు మాటలు చెప్పదల్చుకోలేదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రానూ పోనూ 262 కిలోమీటర్లకి పద్మిని 24 లీటర్లు, అంబాసిడర్ 31 లీటర్లు తాగాయి. అంటే రెండూ కలిసి 126 కిలోల పైనే. పొగ శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ మన దేశంలో 1995లో, అదీ నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకి వచ్చింది. మా బళ్లకి అది లేదు. పొల్యూషన్ పరీక్షలో మా పద్మిని కార్బన్ మోనాక్సైడ్ 2.1 శాతం చూపించింది. పాత బండికి 3 శాతం దాకా ఒప్పుకుంటారు కాబట్టి పాస్. కొత్త ప్రమాణాల్లో ఒకటైన బీఎస్-4 (భారత్ స్టేజ్ 4) బండికి ఆ హద్దు 0.3. ఈ తేడా తెలిసి, పాత బండి మంచిదే అని వాదించడం నాకు చేతకాదు. నేను చేసేది ఇంతే: ఆఫీసుకి బస్సులో వెళ్తాను, పద్మినిని ఏడాదికి పదిహేను వందల కిలోమీటర్లు దాటనివ్వను, పాయింట్లు, ప్లగ్గులు, కార్బురేటర్ సరిగ్గా ఉంచుతాను. అమ్మాయికి అదే చెప్పాను. "ఇంకా తగ్గించొచ్చు" అంది. ఆ మాట నిజమే.

ఇక ఆ రిసార్టు. పేరు రాయను, అరకు ఊరు దాటాక ఉంది. గేటు మీద ఆకు బొమ్మ, గదిలో "చెట్టును ప్రేమించండి" అని బోర్డు. బోర్డు కిందే అరలీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నాలుగు. స్టీలు బిందెలో నీళ్లు అడిగితే లేవన్నారు. రాత్రి ఏడున్నరకి కరెంటు పోయి డీజిల్ జనరేటర్ మోగింది. దాని పొగగొట్టం సరిగ్గా మా కిటికీ కింద. ఎనిమిదికి డీజే మొదలెట్టారు. పదింటికి వెళ్లి అడిగితే "వీకెండ్ సార్" అన్నారు. పన్నెండుంబావుకి ఆపారు. నాన్నగారు చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నారు.

తెల్లారి ఆరింటికి బండి చూద్దామని బయటికొచ్చాను. వంటగది వెనక ఒకతను రాత్రి పేపర్ ప్లేట్లు, సీసాలు, పాల కవర్లు పోగేసి కాలుస్తున్నాడు. మిగిలిన ఎంగిలి నీళ్లు కాలవ తీసి గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, వదిలేశారు. ఆ గెడ్డలోనే కిందన ఇద్దరు ఆడవాళ్లు బిందెలు ముంచుకుంటున్నారు. మేనేజర్ని లేపి అడిగాను: 250 దేనికి? "అది పాలసీ సార్." చెత్త? "బండి రాదు సార్, కాల్చాల్సిందే." ఆ 500 వెనక్కివ్వమని గంటసేపు కూర్చున్నాను. ఇవ్వలేదు. డబ్బు కోసమైతే అంతసేపు కూర్చునేవాణ్ణి కాదు. నా పొగకి నేను సిగ్గుపడుతున్నాను. ఆయన తన పొగకి రసీదు రాస్తున్నాడు.

రెండో రోజుకి కట్టిన అడ్వాన్సు 2,000 వదులుకుని బయటపడ్డాం. మంచుకి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాపు తడిసి అంబాసిడర్ స్టార్టవ్వలేదు, ఈసారి మౌనంగా ఉండడం నా వంతు. క్యాపు విప్పి పొడిగుడ్డతో తుడిస్తే అందుకుంది. చలికాలం కొండ మీద రాత్రి ఉంచేవాళ్లు పాత బండి బానెట్ కింద దుప్పటి వెయ్యండి, పొద్దున్న తీయడం మర్చిపోకండి.

సుంకరిమెట్ట వైపు ఒక రైతు ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తున్నారని టీ కొట్టు దగ్గర తెలిసింది. గదికి 1,200, భోజనం మనిషికి 150. రేకుల కప్పు, సిమెంటు నేల, బాత్రూము పెరట్లో. మా ఆవిడ మొదట మొహం చిట్లించింది. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు రెండు బకెట్లు ఇచ్చాక మాట్లాడలేదు. కరెంటు పోతే లాంతరు వెలిగించారు. రాత్రి సామలన్నం, ఏజెన్సీ రాజ్మా కూర, నాటుకోడి పులుసు, నంజుకోవడానికి చింతకాయ పచ్చడి. అడ్డాకు విస్తళ్లలో పెట్టారు. తిన్నాక ఆ విస్తళ్లు ఎరువు గుంతలోకి వెళ్లాయి. ఆ ఇంట్లో ఎక్కడా ప్రకృతి గురించి బోర్డు లేదు. సామలన్నం అలా పొడిపొడిగా వండడం అక్కకి ఇంటికొచ్చాక కూడా కుదర్లేదు, రెండుసార్లు ప్రయత్నించింది.

పొద్దున్నే ఆ రైతు పద్మిని చుట్టూ తిరిగి, ఇది అయిపోతే ఏం చేస్తారని అడిగాడు. అవ్వదని బావ అన్నాడు. కానీ అవుతుంది, అది మాకందరికీ తెలుసు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, పద్మిని అంతకు ముందే ఆగింది. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగుల్తున్నాయి. బయల్దేరే ముందు గొట్టాలు, పంపు డయాఫ్రం మార్పించడానికి 1,450 అయింది. వచ్చే ఏడాది ఆర్‌సీ రెన్యువల్ ఉంది. ఇరవై ఏళ్లు దాటిన కారుకి దాని రుసుము 10,000 చేశారు. కడతాను. రోడ్డు మీద పొగ వదిలేవాడు ఆ మాత్రం కట్టాలి.

బొర్రా గుహలు చూశాం, బావున్నాయి.

దిగేటప్పుడు డముకు వ్యూపాయింట్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగాం, బ్రేకు డ్రమ్ములు చల్లారడానికి. సెకండ్ గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు పెట్టి దిగితే లైనింగు కాలి వాసనొస్తుంది, తర్వాత పెడలు తొక్కినా బండి ఆగదు. ఆ ఇరవై నిమిషాల్లో అమ్మాయి వ్యూపాయింట్ వాలులో సీసాలు ఏరడం మొదలెట్టింది. అక్కా, మా ఆవిడా కలిశారు. రెండు గోనెల నిండా అయ్యాయి. పద్మిని డిక్కీ సరిపోక ఒకటి అంబాసిడర్‌లో పడేశాం.

ఎస్.కోటలో పాత ఇనప సామాన్ల కొట్టు దగ్గర ఆపాం. సీసాలకి 64 రూపాయలిచ్చాడు. ఇచ్చి, పద్మిని వైపు చూసి, "దాన్నీ ఇచ్చేత్తారా బాబూ, కిలో ముప్పై ఏసుకుంటాను" అన్నాడు. మేమెవరం మాట్లాడలేదు. నాన్నగారు మాత్రం దిగి, కొట్టు వెనకున్న గుట్ట దగ్గరికి వెళ్లారు. తలుపులు, బంపర్లు, స్టీరింగులు. పావుగంట వెతికారు. అద్దం తిప్పే పిడి ఒకటి పట్టుకుని వచ్చారు, తుప్పు పట్టింది గానీ పళ్లు అరగలేదు.

ఎనభై అడిగాడు. అమ్మాయి ఆ 64 ఇచ్చి, మిగతా 16 తన పర్సులోంచి తీసింది. అక్కడే రోడ్డు మీద బిగించి, అద్దం కిందికి దించింది.