మెడ నిలవని బిడ్డకు బేబీ క్యారియర్: తిరుపతిలో కొనేవాళ్లు చూడాల్సింది సీటు

పుట్టుకతో వచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకో, మెదడు దెబ్బతినడంతో వచ్చే సెరిబ్రల్ పాల్సీతో కాళ్లు బిగుసుకునే బిడ్డకో పెట్టె మీద నెలలు, కిలోలు చూసి క్యారియర్ (బిడ్డను ఒంటికి కట్టుకుని మోసే సంచి) కొంటే డబ్బు దండగే. కాళ్ల మధ్య సన్నపట్టీ ఉండే చవక రకంలో బరువంతా గజ్జల్లో పడి తొడలు వేలాడతాయి. కండరాల బిగువు తక్కువున్న పిల్లలకు తుంటి కీళ్లు వదులు, వాళ్లకిది వద్దే వద్దు.

సీటు వెడల్పు సర్దుకునే బకిల్ రకం మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. బిడ్డ కాళ్లు కప్పలా మడిచి, ఒక మోకాలి వెనక మడత నుంచి రెండో మడత దాకా టేపుతో కొలిచి సీటును అంతకే పెట్టాలి. మోకాళ్లు పిర్రలకన్నా కాస్త పైన ఉండాలి. బిగుసుకున్న కాళ్లను బలవంతంగా విడదీయకూడదు. టీటీడీ వారి ఎముకల ఆస్పత్రి బర్డ్‌కు ఫిజియోథెరపీకి వెళ్లేవాళ్లు క్యారియర్ కూడా పట్టుకెళ్లి, బిడ్డను కూర్చోబెట్టి చూపించుకోవడం మేలు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మెడ కీలు వదులుగా ఉందా అన్నదీ, తలలో షంట్ (నీరు దిగే గొట్టం) గానీ పొట్టకు ట్యూబ్ గానీ ఉంటే ఏ వైపు ఆనించాలన్నదీ డాక్టరునే అడగాలి.

కట్టుకునేటప్పుడు మొదట నడుం బెల్టు పెట్టుకోవాలి, అదీ తుంటి ఎముకల మీద కాదు, నడుం దగ్గరే. తర్వాత బిడ్డను రొమ్ముకు ఆనించి, వీపు గుడ్డను చెవుల దాకా లాగి, భుజం పట్టీలను రెండువైపులా కొంచెం కొంచెంగా బిగించాలి. తేడా వచ్చేది ఇక్కడే. పట్టీ వదులైతే బిడ్డ కిందికి కుంగి, గడ్డం ఛాతీకి తగిలి, గాలిదారి ఇరుకవుతుంది. ఇలాంటి పిల్లలు ఏడవకుండా అలాగే ఉండిపోవచ్చు, నిద్రపోయారనుకుంటాం. గడ్డం కింద రెండు వేళ్ల సందు ఉందా, ముఖం కనిపిస్తోందా అని మాటిమాటికీ చూడాల్సిందే. ముఖం బయటికి తిప్పి కట్టడం వీళ్లకు పనికిరాదు, తలకు ఆధారం ఉండదు.

సరిగ్గా కుదిరితే లాభం పెద్దది. పాలు కక్కే బిడ్డ తాగాక నిటారుగా ఉంటుంది. వినికిడి లేని బిడ్డకు మన మాట ఛాతీ అదురుగా తెలుస్తుంది, ముఖమూ దగ్గర్లోనే కనిపిస్తుంది. నడక ఆలస్యమైన పెద్ద పిల్లలను, తమంతట తాము కూర్చోగలిగితే, వీపున వేసుకోవచ్చు.

లోపం వేడి. మే నెల తిరుపతి ఎండలో మందపాటి స్పాంజి రకం కన్నా జాలీ గుడ్డదే నయం, లోపల బిడ్డకు ఒక్క నూలు చొక్కా చాలు. అలిపిరి మెట్ల మీద ముందు కట్టుకుంటే మన పాదాలే మనకు కనిపించవు, దిగేటప్పుడు మరీ ప్రమాదం. బండి మీద వెళ్లేటప్పుడు ఇది రక్షణ కాదు, వాడొద్దు.